పేటీలోంచి గల్లీలోకి

సుమన కథను మొదటి నుంచీ చదువుతున్నవారికి ఆమెను ఎక్కడ వదిలామో గుర్తుండే ఉంటుంది. ఇవాళే చేతికి తీసుకున్నవారి కోసం నాలుగు మాటలు. సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే రవీంద్ర భార్య సుమన. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచిందనుకుంటే, హోలీ వెళ్లిన కొత్తల్లో, ఏడో నెల నిండకముందే బీపీ పెరిగి కళ్లు బైర్లు కమ్మాయి. దవాఖానలో కడుపు కోసి ఆడపిల్లను తీశారు. అరచేతికి కాస్త మించిన ఆ పిల్లను గాజుపెట్టెలో పెట్టారు. సూరత్‌లో అందరూ దాన్ని పేటీ అంటారు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ రోజులవి. పిల్ల పేటీలో, సుమన పై అంతస్తులో తల్లుల హాలులో, రవీంద్ర గేటు బయట. అలా రోజులు గడిచి గడిచి, చివరికి ఒక ఉదయం డాక్టర్ సాహిత్య వచ్చి, "ఈరోజు పాపను ఇంటికి తీసుకెళ్లండి" అన్నది.

ఆ మాటకు సుమనకు సంతోషం రాలేదు.

"ఇంక గింతే ఉన్నది కద మేడమ్," అన్నది పేటీ వైపు చూపిస్తూ. "సక్కగ పాలు తాగుడు గూడ దానికి వస్తలేదు."

సాహిత్యది గుంటూరు వైపు. పెద్ద చదువు కోసం సూరత్ వచ్చి ఈ మహమ్మారిలో చిక్కుకుపోయింది. మాస్కు పైన కనిపించే కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి.

"నిజం చెప్తానమ్మా. మామూలు రోజులైతే నేనే పంపేదాన్ని కాదు. కింద వరండాల్లో కూడా కోవిడ్ పేషెంట్లను పడుకోబెడుతున్నాం. ఆక్సిజన్ లారీ వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. పాప తనంతట తను ఊపిరి తీసుకుంటోంది. బరువు కిలోన్నర దాటింది. ఇక్కడికంటే మీ ఇంట్లోనే క్షేమం."

ఆమే పాపను సుమన రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, మెత్తని గుడ్డతో వెనక్కి ముడి వేసి చూపించింది. ఇకపై నీ ఒంటి వెచ్చదనమే దీనికి పేటీ అని చెప్పింది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టమన్నది. గేటు దాకా తోడు వచ్చి, అక్కడ నిలబడి ఉన్న రవీంద్రను కూడా అడిగింది.

"ఇంట్లో ఎవరికైనా జ్వరం గానీ దగ్గు గానీ ఉన్నాయా?"

"లేదు మేడమ్. అందరం మంచిగనే ఉన్నం," అన్నాడు రవీంద్ర.

నేల చూపులు చూస్తూ అన్నాడు. సుమన అది గమనించలేదు. పిల్ల పుట్టాక మొదటిసారి దాని ముఖం మీద ఎండ పడింది. ట్యూబులైటు వెలుగులో ఎప్పుడూ పచ్చగా కనిపించిన చెంప, ఎండలో ఎర్రగా, లోపలి నరం కనిపించేంత పలచగా ఉంది. ఆమె దాన్నే చూస్తూ ఆటోరిక్షా ఎక్కింది.

రవీంద్ర వెనక సీట్లో కూర్చోలేదు. డ్రైవరు పక్కన, సగం బయటికి వేలాడుతూ కూర్చున్నాడు. కుట్లు ఇంకా సలుపుతున్నాయి కదా, తనకు చోటు ఇవ్వడానికే అనుకున్నది సుమన. కానీ ఒక సంగతి మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఇన్నాళ్లు గాజు అవతలి నుంచి కూడా చూడనివ్వని బిడ్డ ఎదురుగా ఉంటే, ఒక్కసారి ఎత్తుకుంటానని అడగలేదు. వేలితోనైనా తాకలేదు. ఆడపిల్ల అనా? ఛ, అతను అలాంటివాడు కాడు. మరి?

ఆ ప్రశ్నతోనే లింబాయత్ వచ్చేసింది. సగం ఖాతాలు, అంటే సాంచాల షెడ్లు, మూతపడి, ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా మోగే గల్లీలో ఆ మధ్యాహ్నం ఒకటి రెండు సాంచాల చప్పుడే వినిపిస్తోంది. రిక్షా లోపలికి పోదు. గల్లీ మొదట్లో దిగి, పాప తలకు చేయి అడ్డం పెట్టుకుని నడిచింది సుమన. రవీంద్ర సంచులు తీసుకుని వెనక నడిచాడు. ఇంకో రెండు సంచులు రిక్షాలోనే ఉన్నాయని డ్రైవరు ఆగాడు.

గడపలో అత్త భాగీరథి ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకున్నది. ముక్కూ నోరూ కప్పేలా కొంగు చుట్టుకున్నది.

"ఆడనే ఆగు బిడ్డా, దిష్టి తీస్త. మా తల్లే, మా బంగారమే, ఎంత గోస పడ్డవే..." అంటూ పళ్లెం ఎత్తింది.

సుమన ఆగింది. ఆగిన చోటికి లోపల్నుంచి మాడు వాసన గుప్పున వచ్చింది.

"అత్తమ్మా, పాలు మాడుతున్నయ్. పొయ్యి బందు చెయ్యి ముందుగాల."

భాగీరథి పళ్లెం తిప్పడం ఆపి ఆమె వంక వింతగా చూసింది. "ఏడ మాడుతున్నయే? నాకేం వాసన రాలే."

ఆమె భుజం మీదుగా నల్లటి పొగ బయటికి వస్తోంది.

ఆ సంవత్సరం ఆ మాటకు అర్థం ఏమిటో తెలియని మనిషి లేడు. భాగీరథికీ తెలుసు. మాట నోరు దాటాక ఆమె చేతిలో పళ్లెం ఒరిగింది. ఎర్రనీళ్లు తొణికి గడప మీద పడ్డాయి.

సుమన రెండడుగులు వెనక్కి వేసింది. పిల్లను గుడ్డతో పూర్తిగా కప్పేసింది.

"ఎప్పటి సంది అత్తమ్మా?"

"ఏంది ఎప్పటి సంది?"

"వాసన తెలుస్తలేదు గద. ఎప్పటి సంది?"

"పడిశం పట్టిందే. ఎండలకు గిట్లనే ఐతది. గంత మాత్రానికే..."

ఆమె మాట పూర్తి కాలేదు. లోపల, పరదా వెనక ఎవరో దగ్గారు. తెరలు తెరలుగా వచ్చే దగ్గు. మధ్యలో ఊపిరి కోసం ఈడ్చుకునే చప్పుడు. మళ్లీ దగ్గు. అది మామ సోమలింగం దగ్గు.

సుమన మొగుడి వైపు తిరిగింది. రవీంద్ర సంచులు రెండు చేతుల్లో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు ఎరుకేనా?"

అతను సంచులు కింద పెట్టాడు.

"నిన్నే అడుగుతున్న. మామకు జరమని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకయ్యే డాక్టరమ్మకు అబద్ధం జెప్పినవా? గీ ఇంట్లకా నా బిడ్డను తోలుకొస్తున్నది?"

"చెప్తే ఆమె పంపకపోతుండె," అన్నాడు రవీంద్ర. "ఆడ ఏమైతున్నదో నువ్వు సూళ్లే సుమనా. నువ్వు పైన ఉంటివి. నేను దినాం గేటు కాడ నిలవడి జూసిన. గాలి సిలిండర్లు ఐపోయినయని ఒగలి ముక్కుకున్న పైపు పీకి ఇంకొగలికి పెట్టిన్రు. ఆ మనిషి నా కండ్ల ముంగటనే పోయిండు. రేపు పసిపోరగాండ్లకు గూడ గట్లనే చేస్తే? ఎట్లన్న చేసి దాన్ని ఆడికెల్లి బయటికి తేవాలె అనుకున్న. గంతే."

"తెచ్చి?"

"నాయినను మూలకు పండవెట్టి, నడుమ ఇంకో పరదా కడ్తమనుకున్న."

ఉన్నది ఒక్క గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, మధ్యలో అందరూ. సుమనకు నవ్వొచ్చినంత పనైంది. ఆ నవ్వు గొంతులోనే ఏడుపుగా మారింది.

"పరదా ఆపుతదా? బట్ట నేసేటోనివి, నీకు ఎరుక లేదా బట్టల ఎన్ని బొక్కలుంటయో?"

భాగీరథి పళ్లెం కింద పెట్టింది. ఇప్పటిదాకా తప్పు చేసినదానిలా నిలబడ్డ మనిషి, కొడుకును అనేసరికి లేచింది.

"నువ్వొక్కదానివే తల్లివైనట్టు మాట్లాడకే. టెస్టు చేయిస్తె గల్లీ అంత ఎలేస్తది. శేఠ్ వీన్ని పనికెల్లి తీసేస్తడు. దవాఖానకు పోతె ఆడ పండవెట్ట జాగ లేదాయె. యాడికి పోవాలె మేము? మీ మామ నిన్నటి సంది ముద్ద ముట్టలే. మనుమరాలు వస్తది, దాని మొకం జూస్తె నాకు పానం లేచొస్తది అని గదే పలవరిస్తుండు. నీ కడుపు రెండుసార్లు పోతె ఒక్క మాటన్నడా ఆయన నిన్ను?"

అనలేదు. అది నిజం. రెండోసారి కడుపు పోయిన రోజున అత్త మూలన కూర్చుని ఏడుస్తుంటే, సోమలింగమే చేతులు కాల్చుకుంటూ జావ కాచి తెచ్చి, "తాగు బిడ్డా, పానం మంచిగుంటే పిల్లలు వాళ్లే వస్తరు" అన్నాడు. సుమనకు తండ్రి లేడు. ఆ రోజు నుంచి ఆయనే తండ్రి.

"ఆయనసొంటి మనిషి లేడు అత్తమ్మా," అన్నది సుమన కళ్లు తుడుచుకోకుండానే. "గని నేను లోపటికి రాను."

"అయితే చస్తడు. గదే జూడు ఇగ."

"భాగీ, నోరు మూసుకో."

కిటికీ దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. గల్లీ వైపున్న ఇనుప చువ్వల కిటికీ పట్టుకుని సోమలింగం నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో, మంచం మీది నుంచి అంతదూరం ఎలా వచ్చాడో ఎవరూ చూడలేదు. భుజం మీది తువాలను ముక్కుకూ నోటికీ చుట్టుకున్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"గా ఎండల... నిలవడకు బిడ్డా. నీడకు జరుగు."

"మామా..."

"దగ్గరికి రాకు. గాడనే. గాడనే నిలవడి... జర దాని మొకం సూపెట్టు. ఒక్కపారి."

సుమన ఎదురింటి గోడ నీడలోకి జరిగింది. కిటికీకీ ఆమెకూ మధ్య గల్లీ వెడల్పంతా ఉంది. గాలి ఎటు వీస్తున్నదో చూసుకున్నది. వీయడం లేదు. గుడ్డ అంచు పక్కకు తీసింది. పాప ముఖం బయటపడింది. వెలుతురుకు కళ్లు చిట్లించి, నోరు సున్నాలా తెరిచింది.

సోమలింగం చాలాసేపు చూశాడు. తువాలు తడిసింది.

"మా అవ్వ," అన్నాడు. "ముక్కు... మా అవ్వ ముక్కు. గట్లనే ఉన్నది." మళ్లీ ఆగాడు. "ఇగ తీస్కపో. యాడికన్న తీస్కపో బిడ్డా. నేను... సూసిన గద."

చువ్వలు పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. మనిషి కిటికీలోంచి కిందికి జారిపోయాడు. లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. భాగీరథి కెవ్వుమని లోపలికి పరుగెత్తింది. రవీంద్ర ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలిచిపోయాడు. తండ్రి వైపు చూశాడు. బిడ్డ వైపు చూశాడు. ఎటూ కదలలేకపోయాడు.

సుమనే మాట్లాడింది. "నువ్వు మామను జూస్కో. నూటెనిమిదికి ఫోన్ చెయ్యి. దొరక్కపోతె భుజం మీదేసుకోని పో."

"మరి నువ్వు?"

"మా అక్క తానకు పోత."

ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి పద్మారాణి. సుమనకు సొంత అక్క. కోసాడ్‌లో సర్కారు కట్టించిన ఇళ్లలో ఉంటుంది. పోయిన సంవత్సరం మొదటి కరోనాలో ఆమె భర్త కనకయ్య పోయాడు. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

"ఆమె తలుపు తియ్యదు సుమనా."

"తియ్యకపోతె మెట్ల మీద కూసుంట. గీడ కంటె గదే నయం."

రవీంద్ర పాప వైపు చేయి చాచాడు. సగం దూరం వచ్చాక ఆ చేయి ఆగిపోయింది. వెనక్కి తీసుకుని, చొక్కాకు గట్టిగా తుడుచుకున్నాడు. రిక్షాలో ముందు ఎందుకు కూర్చున్నాడో, పొద్దుటి నుంచి బిడ్డను ఎందుకు తాకలేదో సుమనకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కోపం ఇంకా పెరిగింది. కోపంతో పాటు జాలి కూడా పెరిగింది. ఆ రెంటినీ పక్కన పెట్టి గల్లీ మొదలుకు నడిచింది. సంచుల కోసం ఆగిన రిక్షా ఇంకా అక్కడే ఉంది.

తాపీ నది మీది వంతెన దాటుతుంటే ఒడ్డున పొగ లేస్తోంది. డ్రైవరు అటు చూడకుండా బండి వేగం పెంచాడు. సుమన తల వంచుకుని గుడ్డలోకి చూసింది. ఆ చిన్న వీపు ఎగసి పడుతున్నంతసేపూ లోకంలో ఇంకేదీ అక్కర్లేదనిపించింది. మామ గుర్తొచ్చాడు. గుర్తు రాకుండా ఉండాలని పాప ఊపిరినే చూస్తూ కూర్చున్నది.

కోసాడ్‌లో అన్ని ఇళ్లూ ఒకేలా ఉంటాయి. పద్మారాణిది రెండో అంతస్తు. కుట్ల మీద చేయి నొక్కుకుంటూ మెట్లెక్కి, తలుపు కొట్టింది.

గొలుసు తీయకుండానే తలుపు కాస్త తెరుచుకుంది. పద్మారాణి మనిషి సగమైంది. జుట్టు ముందు భాగమంతా తెల్లబడింది. చెల్లెలి ముఖం చూసింది, తర్వాత రొమ్ముకు కట్టి ఉన్న గుడ్డను చూసింది.

"పుట్టిందని విన్న," అన్నది. "బతికిందని వినలే."

సుమన అబద్ధం ఆడలేదు. ఒక్కటీ దాచలేదు. అత్తకు వాసన తెలియకపోవడం, మామ కిటికీలోంచి జారిపోవడం, రవీంద్ర చేసింది, అన్నీ చెప్పింది. తను ఆ ఇంటి నుంచి దవాఖానకు వచ్చిన అన్నమే ఇన్నాళ్లూ తిన్నానని కూడా చెప్పింది.

"మీ బావను కాలవెట్టినంక నేను మీ ఇంటికొచ్చిన," అన్నది చివరికి. "ఖాలీ ఇంట్ల ఒక్కదాన్ని పండలేక వచ్చిన. నువ్వు తలుపెనక నిలవడి ఏమన్నవ్?"

"'మాఫ్ చెయ్యక్కా, లోపటికి రాకు' అన్న."

"గదే మాట ఇయ్యాల నేనంట." పద్మారాణి గొలుసు తీసింది. తలుపు పూర్తిగా తెరిచింది. కానీ గడపకు అడ్డంగా నిలబడింది. "నువ్వు రాకు. బిడ్డను ఇయ్యి."

సుమన గుడ్డను రెండు చేతులతో అదిమి పట్టుకున్నది.

"నేనేం కచ్చతోని అంటలేను," అన్నది పద్మారాణి. ఆమె గొంతులో ఇప్పుడు ఏదో కరిగింది. "సాంచాల దుమ్ముకు నా ఊపిరితిత్తులు ఎప్పుడో ఖరాబైనయ్. నాకు అంటుకుంటె బతకనని డాక్టర్ చెప్పిండు. నెల దాటింది గడప దిగక. నువ్వు ఆ కూడు తిన్నవ్, ఆ మనిషితోని ఒక్క రిక్షల వచ్చినవ్. నీకు ఉన్నదో లేదో నీకే తెల్వది. రేపు టెస్టు చేయించుకో. గందనుక మెట్ల కాడ ఉండు, బువ్వ పెడ్త, చాప ఇస్త. పాలు పిండి గిన్నె గీడ పెట్టు. నేను పడ్త."

"వేడి ఉండాలె అక్కా దానికి. ఒంటికి కట్టుకోవాలె."

"కట్టుకుంట."

"నీకు గిన అంటుకుంటే?"

"పసిది, గాజు పేటీలకెల్లి వచ్చింది. దానికేముంటదే? అంటించుకునుడు, అంటించుడు మన పని." పద్మారాణి చేతులు చాచింది. "తే. ఆకలికి నోరు తెరుస్తున్నది, చూడు."

కిటికీ దగ్గర మామ తనతో అన్నది కూడా ఇదే కదా. దగ్గరికి రావద్దు, దూరం నుంచే చూపించు. సుమన వెనక్కి చేయి పెట్టి ముడి విప్పింది. పాప ఒళ్లు తన ఒంటి నుంచి విడిపోయిన చోట, చెమటకు గాలి తగిలి చల్లగా అనిపించింది. గడప లోపల పరిచిన చాప మీద బిడ్డను పెట్టి, మెట్ల దాకా వెనక్కి నడిచింది. పద్మారాణి వంగి, రెండు చేతులతో ఎత్తుకున్నది. ఏడాదిగా ఎవరినీ తాకని చేతులు.

తలుపు మూసుకున్నది.

సుమన మెట్టు మీద కూలబడింది. పాలు వచ్చి జాకెట్ తడిసిపోయింది. ఎంతసేపు అలా కూర్చున్నదో, ఫోన్ మోగింది. మామ సంగతే అయి ఉంటుందని ఎత్తింది. రవీంద్ర కాదు.

"సుమనగారూ, నేను సాహిత్యని. ఇల్లు చేరారా?" డాక్టరు గొంతు పరుగెత్తి వచ్చినట్టుంది. "కంగారు పడకుండా వినండి. రాత్రిళ్లు పాపకు పాలు పట్టిన సిస్టర్‌కి పొద్దున జ్వరం వచ్చింది. ఇందాక రిపోర్టు వచ్చింది, పాజిటివ్. పేటీ గదిలో పిల్లలందరికీ టెస్టు చేస్తే ఇద్దరికి వచ్చింది. మీ పాపని వెంటనే తీసుకురండి. అందాకా మీరు తప్ప ఇంకెవరూ ఎత్తుకోకూడదు. ముసలివాళ్లు, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు అసలు దగ్గరికే రాకూడదు. వింటున్నారా? పాప ఇప్పుడు మీ దగ్గరే ఉంది కదా?"

సుమన లేచి తలుపు మీద పడింది. రెండు చేతులతో బాదింది.

"అక్కా! అక్కా, బిడ్డను కింద పెట్టు! తలుపు తియ్యి!"

"ఏందే గా లొల్లి?" లోపల్నుంచి పద్మారాణి గొంతు వచ్చింది. ఏడాదిలో ఎన్నడూ అంత మెత్తగా పలకలేదేమో ఆ గొంతు. "ఉగ్గుగిన్నెకు పాలు తెచ్చేటట్టు ఉంటే తే, లేకుంటె మెల్లగ మాట్లాడు. నా రొమ్ము మీద పండుకున్నది. నోట్ల నోరు పెట్టి ముద్దాడంగ, ఇప్పుడే నవ్విందే."